సర్వర్ ఆగిన పదకొండుసార్లు

మొదటిసారి అది ఆగిపోయినప్పుడు నేను అక్కడే కూర్చుని ఉన్నాను. అయినా టైము రాసుకోలేదు. నలభై ఏళ్ళకు పైగా రోజూ డైరీ రాస్తున్న మనిషిని. ఏ రోజు కుళాయి రాలేదో, ఏ రోజు పంజాగుట్ట చౌరస్తాలో బస్సు ఎంతసేపు నిలబడిపోయిందో కూడా నా దగ్గర ఉంటుంది. ఆ రోజు పేజీలో మాత్రం "జిరాక్సు షాపులో కాసేపు పని ఆగింది" అని ఒక్క వాక్యమే ఉంది. ఆ కాసేపు ఎంతసేపో, దానికి ముందు ఎవరు ఏం చేశారో లేదు. తర్వాత ఆ వాక్యం మీద నాకు చాలా కోపం వచ్చింది.

షాపు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్లున్న సందుల్లో ఒకదానిలో ఉంది. నడిపే ఆవిడ యూసుఫ్‌గూడ నుంచి వస్తుంది. నలభై దాటి ఉంటాయి. భర్త ఆటో నడుపుతాడు, షాపు మాత్రం పూర్తిగా ఆవిడదే. నేను ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డు సెక్షన్ సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఇల్లు పంజాగుట్టలో. పాత డైరీలు స్కాన్ చేయించుకుందామని మొదట అక్కడికి వెళ్ళాను. రోజుకు ఒక ఏడాది డైరీ చొప్పున సంచిలో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఆ పని ముగిసినా పొద్దున పదింటికి ఆ సందులోకి నడవడం మాత్రం ఆగలేదు. స్పైరల్ బైండింగుకు వెళ్ళే ముందు పేజీలు వరసగా ఉన్నాయో లేదో చూసిపెట్టేవాణ్ణి. అంకెలు వరసలో పెట్టడం నాకు చేతనయిన పని.

షాపులో మూడు ప్రింటర్లున్నాయి. మూడింటికీ కలిపి బల్ల కింద ఒక పాత కంప్యూటర్ డబ్బా. దాన్ని ప్రింట్ సర్వర్ అంటారు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. పిల్లలు ఫోన్ల నుంచి పంపేవీ, కౌంటర్ కంప్యూటర్ నుంచి పంపేవీ అన్నీ ముందు దాని దగ్గరికి చేరతాయి. అది వాటిని వరసలో పెట్టి ఒక్కొక్కటిగా ప్రింటర్లకు ఇస్తుంది. మా ఆఫీసులో ఇన్వర్డు గుమస్తా చేసే పని అది. ఆ గుమస్తాతో మాట్లాడాలంటే కౌంటర్ కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి, సర్వర్ పేజీలోకి వెళ్ళాలి. ఏ ప్రింటర్ నడుస్తోంది, వరసలో ఏ పనులున్నాయి అన్నది అక్కడ కనిపిస్తుంది. ఒక పనిని ఆపాలన్నా, మళ్ళీ మొదలుపెట్టాలన్నా, ఒక ప్రింటర్ నుంచి ఇంకోదానికి మళ్ళించాలన్నా అక్కడే నొక్కాలి. ఆవిడ రోజుకు పాతికసార్లు ఆ పేజీ తెరుస్తుంది.

ఆ పేజీలో ఉన్నప్పుడే సర్వర్ పడిపోయేది. ముందు పేజీ తెల్లబడేది. కాసేపటికి మూడు ప్రింటర్లూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయేవి. బల్ల కిందికి దూరి స్విచ్చి ఆపి వెయ్యాలి. అది లేచేసరికి వరసలో ఉన్న పనులు సగం పోయేవి. ఎవరివి పోయాయో, ఎవరివి ఉన్నాయో తెలియక కౌంటర్ ముందు పిల్లలు గొడవ.

బాగుచెయ్యడానికి బైకు మీద ఒక మెకానిక్ వచ్చేవాడు. మొదటిసారి వచ్చి కేబుల్ మార్చాడు. రెండోసారి డబ్బాలో కరెంటు సరఫరా చేసే భాగం మార్చాడు. మూడోసారి ప్రింటర్ల సాఫ్ట్‌వేర్లన్నీ తీసి మళ్ళీ వేశాడు. దాంతోపాటు ప్రతిసారీ ఇంకో రెండు సెట్టింగులు కూడా మార్చి, ఒక టెస్ట్ పేజీ తీసి చూపించేవాడు.

"చూడు అక్కా, మస్తుగ వచ్చింది. ఇగ ఫికర్ లేదు."

"నువ్వున్నప్పుడు మస్తుగనే వస్తది. నువ్వు బండి స్టార్ట్ జేసినంక చూడాలె దీని ఏషాలు," అనేది ఆవిడ.

మూడోసారి అతను వెళ్ళిన మర్నాడే ఇన్‌స్టిట్యూట్ మేనేజరు వచ్చాడు. ఆ షాపు నిలబడింది వాళ్ళ మెటీరియల్ మీదే. ప్రతి బ్యాచ్‌కూ పుస్తకాలు ప్రింటు తీసి, బైండు చేసి ఇవ్వాలి. మిగతా జిరాక్సులన్నీ దాని పక్కన చిల్లర పనులు. ఆయన శ్రీనగర్ కాలనీలో ఉంటాడు, మా కోస్తా వైపు మనిషి. ఎప్పుడూ గొంతు పెంచడు. ఆ రోజూ పెంచలేదు.

"ఏంటి మేడమ్ ఇది? పిల్లలు క్లాసులో కూర్చున్నారు, చేతిలో పుస్తకం లేదు. ఇది మూడోసారి. మా డైరెక్టర్ గారు నన్ను తిడుతున్నారు."

"సార్, సర్వర్ జర సతాయిస్తుంది. రిపేర్ చేపిచ్చిన."

"చేయించారని పోయినసారి కూడా అన్నారు. వచ్చే శనివారం కొత్త బ్యాచ్ మెటీరియల్ మొత్తం మీకే ఇస్తాను. ఆ రోజు నేనే వచ్చి ఇక్కడ నిలబడతాను. మధ్యలో ఆగిందనుకోండి, ఏమీ అనుకోవద్దు, మెట్రో స్టేషన్ కింద షాపువాళ్ళకు మాట ఇచ్చేస్తాను."

ఆయన వెళ్ళాక ఆవిడ చాలాసేపు కాగితాలు సర్దుతూ ఉండిపోయింది. అప్పటికే సర్దిన కాగితాలే.

"గా ఇన్‌స్టిట్యూట్ పోతే గీ షటర్ దించుడే సార్," అంది చివరికి.

అది శుక్రవారం. ఇంకా ఎనిమిది రోజులుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో ఒక పొడుగు నోట్‌బుక్ కొన్నాను. భోజనాలయ్యాక స్కేలు పెట్టి గీతలు గీశాను. టైము, ఎన్ని ప్రింటర్లు నడుస్తున్నాయి, పేజీలో ఏం నొక్కారు, ఎందుకు నొక్కారు, ఏమైంది. మొత్తం అయిదు గళ్ళు. మా ఆవిడ పక్కనే నిలబడి చూసింది.

"ఏంటండీ అది, మళ్ళీ ఉద్యోగంలో చేరారా?"

"షాపులో మిషను ఎందుకు ఆగుతోందో చూద్దామని."

"వంటింట్లో ట్యూబ్‌లైటు నెల నుంచి మిణుకుమంటోంది. దానికో గడి గియ్యండి."

కంప్యూటర్ల గురించి నాకు పెద్దగా తెలియదు. ఆఫీసులో తెలిసింది ఒక్కటే. ఒక ఫైలు పోతే ఎవరు పోగొట్టారని అడిగితే దొరకదు. ఏ రోజు ఏ బల్ల మీదికి వెళ్ళిందో వరసగా రాసుకుంటూ పోతే దొరుకుతుంది. మెకానిక్ ప్రతిసారీ మూడు మార్పులు ఒకేసారి చేసి వెళ్తున్నాడు. బాగయినా ఎందుకు బాగయిందో తెలియదు, పాడయినా అంతే. పైగా అతను చూస్తున్నది ప్రింటు వస్తోందా లేదా అని. ప్రింటు ఎప్పుడూ బాగానే వస్తోంది. పడిపోతున్నది పేజీలో పని చేస్తున్నప్పుడు. ఆ సంగతి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి కింద గీత గీశాను.

శనివారం పొద్దున ఆవిడకు ఒక్కటే చెప్పాను. పేజీలో ఏది నొక్కినా ముందు నాకు పైకి చెప్పి నొక్కాలని.

"సార్, గిది దుకాణమా, పోలీస్ స్టేషనా?"

"వారం రోజులమ్మా. తర్వాత అడగను."

ఆవిడ క్రికెట్ కామెంటరీలా మొదలుపెట్టింది. "ప్రింటర్లు నొక్కుతున్న. రెండో నంబర్ నొక్కుతున్న. ఆపుతున్న. సార్ రాస్తున్నడు." కౌంటర్ ముందు పిల్లలు నవ్వేవాళ్ళు. ఒక అమ్మాయి అయితే "తాతా, నేను పెన్ను కింద పెట్టిన, గది సుత రాయి" అంది. నేను నవ్వలేదు, రాయనూ లేదు.

మొదటి రెండు రోజుల్లో మూడుసార్లు పడిపోయింది. మూడూ మధ్యాహ్నం వేళే. వేడి వల్ల అనుకున్నాను. బల్ల కింద గాలి ఆడదు, పైన మూడు ప్రింటర్లు. సోమవారం ఇంట్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి డబ్బాకు ఎదురుగా పెట్టించాను. మంగళవారం పొద్దున షటర్ ఎత్తిన అరగంటకే పడిపోయింది. డబ్బా చల్లగా ఉంది, చెయ్యి పెట్టి చూశాను. నోట్‌బుక్‌లో "వేడి కాదు" అని రాసి, ఫ్యాను ఇంటికి తీసుకుపోయాను. ఒకటి కాదని తెలిసినా ఒక మెట్టు ఎక్కినట్టే. కానీ ఆవిడ ముఖం చూస్తే అలా అనిపించలేదు.

"సార్, మీరు రాసుకుంట పోతున్రు. గా శనివారం గూడ వస్తనే ఉన్నది."

ఆ రోజు రాత్రి భోజనానికి ముందు గళ్ళన్నీ మళ్ళీ చదివాను. అప్పటికి ఎనిమిదిసార్లు. టైములో పోలిక లేదు, ప్రింటర్లలో పోలిక లేదు. నాలుగో గడి దగ్గర ఆగాను. ఎందుకు నొక్కారు అన్న గడి. ఎనిమిదిసార్లూ అందులో ఒకే మాట ఉంది. "పాత కాపీ."

ఆ షాపుకు ఒక పద్ధతి ఉంది. అమీర్‌పేటలో ఇంకెక్కడా లేదని ఆవిడ చెప్పుకుంటుంది. పిల్లలు వచ్చి, "అక్కా, మొన్న తీసుకున్నదే ఇంకోటి" అంటారు. ఫైలు మళ్ళీ పంపక్కర్లేదు. అయిపోయిన పనులు కూడా సర్వర్లోనే ఉంటాయి. ఆవిడ పేజీలో అయిపోయిన పనుల జాబితా తెరిచి, వాళ్ళది వెతికి మళ్ళీ ప్రింటు నొక్కుతుంది. నెల కిందటిదైనా దొరుకుతుంది. అందుకే పక్క సందులో ఖాళీ షాపు ఉన్నా పిల్లలు ఇక్కడే వరసలో నిలబడతారు. ఆ జాబితా తెరిచిన ప్రతిసారీ సర్వర్ పడిపోలేదు. ప్రింటర్లు ఖాళీగా ఉన్నప్పుడు చాలాసేపు తిరిగి తిరిగి తెరుచుకుంది. మూడూ పనిలో ఉన్నప్పుడు తెరిస్తే మాత్రం పడిపోయింది.

బుధవారం పొద్దున జనం రాకముందే షటర్ ఎత్తించాను. మూడు ప్రింటర్లకూ పెద్ద పనులు ఇప్పించాను. "ఇప్పుడు అయిపోయినవాటి జాబితా నొక్కమ్మా" అన్నాను. నొక్కింది. పేజీ తెల్లబడింది. మూడూ ఆగాయి. టైము రాసుకున్నాను.

"ఇంకోసారి."

మళ్ళీ పడిపోయింది.

"ఇంకొక్కసారి."

మూడోసారీ పడిపోయింది. నోట్‌బుక్‌లో అంతకుముందు ఎనిమిది, ఇవి మూడు, మొత్తం పదకొండు. ఆవిడ బల్ల కింద నుంచి లేచి, చీరకు అంటిన దుమ్ము దులుపుకుంటూ నావైపు చూసింది.

"అది పడిపోతుంటే మీకు గింత సంబురమేంది సార్?"

సంతోషంగానే ఉన్నాను, నిజమే. తనంతట తాను వచ్చి పోయే తప్పును పట్టుకోలేం. పిలిస్తే వచ్చేదాన్ని పట్టుకోవచ్చు.

మెకానిక్‌ను పిలిపించాం. అతను హెల్మెట్ తియ్యకుండానే నోట్‌బుక్ చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీ దగ్గర హెల్మెట్ తీశాడు. తర్వాత కింద కూర్చుని, తను వచ్చిన ఇన్నిసార్లలో మొదటిసారి ఆ డబ్బాకు తెర, కీబోర్డు తగిలించాడు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరుగెత్తాయి.

"అక్కా, గిండ్ల వేల పనులున్నయ్. పోయిన వానకాలం కాడికెళ్ళి ఒక్కటి సుత తీసెయ్యలే. నువ్వు జాబితా నొక్కంగనే గవన్నీ ఒక్కసారే చూపియ్యాలని చూస్తుంది. దీనికున్న మెమరీ ఎంత? ప్రింటర్లు గూడ నడుస్తున్నయంటే ఇగ దానికి ఊపిరి ఆడదు."

"గట్లెందుకు ఉంచుకుంది?"

"మామూలుగ ఉంచుకోదు. అయిదు వందలు దాటంగనే పాతవి వాటంతటవే పోతయ్. గా లిమిట్ ఎవరో తీసేసిన్రు."

"ఎవరో ఏంది, నువ్వే గద డబ్బా ముట్టేది!"

"నేనెందుకు తీస్త అక్కా? ఎవరన్న చెప్తే తీసి ఉంట."

ఇద్దరికీ గుర్తులేదు. నా డైరీలో ఉంటుందేమో చూస్తానన్నాను. షాపు సంగతులు కొన్ని రాసుకుంటూ ఉంటాను. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి పోయిన వానాకాలం పేజీలు తిరగేశాను. దొరికింది. నా చేతిరాతే.

"ఒక అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు సర్వర్లో దొరకలేదు. అయిదు వందలు దాటితే పాతవి పోతాయట. రికార్డు ఏదీ దానంతటది పోకూడదని చెప్పాను. మెకానిక్ కుర్రాడు నా ఎదుటే మార్చాడు. ఇక ఏదీ పోదు. మంచి పని జరిగింది."

మంచి పని అన్న మాట కింద గీత కూడా ఉంది.

ఆ పేజీ ఎంతసేపు చూశానో రాసుకోలేదు. చెప్పకుండా ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు. మెకానిక్ ఎలాగూ లిమిట్ పెట్టేస్తాడు. కానీ ఆవిడ నా సలహా వల్లే ఆ ఇన్‌స్టిట్యూట్ పోగొట్టుకోబోతోంది. సాయంత్రం డైరీ పట్టుకుని మళ్ళీ షాపుకు వెళ్ళి, ఆ పేజీ ఆవిడ ముందు పెట్టాను. చదివింది. నా ముఖం చూసింది. మళ్ళీ చదివింది.

"దొంగను పట్టుడు మీ తర్వాతనే సార్. కాకపోతే దొంగ సుత మీరే అయిన్రు!"

మెకానిక్ పగలబడి నవ్వాడు. "సార్, మరి నన్ను మూడుసార్లు తిట్టిన్రు గద అక్క తోని!"

"తిట్టలేదు. ఒకసారి ఒకటే మార్చమన్నాను."

"సరే, ఇప్పుడు ఒక్కటే మారుస్త. అన్నీ లేపేస్త."

ఆవిడ ఒప్పుకోలేదు. "పిల్లలు వచ్చి అడిగితే ఏమియ్యాలె? గా పాత కాపీల కోసమే వస్తరు నా దగ్గరికి." నాకూ మనసు ఒప్పలేదు. వేల కాగితాలు ఒక్క దెబ్బతో పోవడం నేను ఉద్యోగంలో ఎన్నడూ చెయ్యనివ్వలేదు. అందుకని అతను ఫైళ్ళన్నీ కౌంటర్ కంప్యూటర్లోకి కాపీ చేసి వెళ్ళాడు. వాటికి పేర్లు లేవు, నంబర్లే. ఒక్కొక్కటి తెరిచి చూసి, ఎవరిదో పట్టిక రాస్తే పిల్లలు అడిగినప్పుడు ఇవ్వొచ్చు. ఆ పని నేను చేస్తానన్నాను. తప్పు నాది కదా.

గురువారం పొద్దున కూర్చున్నాను. మొదటిది ఇన్‌స్టిట్యూట్ పుస్తకం. రాసుకున్నాను. రెండోది ఎవరిదో బయోడేటా. మూడోది ఆధార్ కార్డు, ముందూ వెనకా. తర్వాత బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. తర్వాత ఇంకో ఆధార్. ఇరవై దాటాక ఒక ఆసుపత్రి రిపోర్టు తెరుచుకుంది. ఒక ఆడమనిషి పేరు, వయసు, కింద ఒక జబ్బు పేరు. ఆ కాగితం ఆమె తన ఇంట్లో వాళ్ళకైనా చూపించిందో లేదో. ముక్కూ మొహం తెలియని నేను ఇక్కడ కూర్చుని చదువుతున్నాను.

పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను. మా రికార్డు రూములో ఉన్నవి ప్రభుత్వం కాగితాలు. వాటిని కాపాడటం నా పని. ఇవి ఒక కాపీ కావాలని వచ్చి వెళ్ళిపోయినవాళ్ళవి. వాళ్ళెవరూ దాచమని మాకు చెప్పలేదు. షాపావిణ్ణి పిలిచి తెర చూపించాను. ఆవిడ రెండు లైన్లు చదివి చప్పున ఆ ఫైలు మూసేసింది.

"గిది మన దగ్గర ఎందుకున్నది సార్?"

ఎందుకున్నదో నా డైరీలోనే ఉంది.

"తీసేద్దాం," అన్నాను. "ఇన్‌స్టిట్యూట్ పుస్తకాలు తప్ప అన్నీ."

"పిల్లలు?"

"వాళ్ళ ఫైలు వాళ్ళ ఫోన్లో ఉంటుందమ్మా. అడిగితే మళ్ళీ పంపమను."

"కొంతమంది పోతరు."

"పోతారు," అన్నాను. ఎవరూ పోరని చెప్పాలని ఉంది, కానీ అది నాకు తెలియదు.

ఆవిడ తనే ఒక అట్ట తీసి మార్కరుతో రాసింది. "మీ ఫైలు మీ దగ్గరనే పెట్టుకోండి. ఇక్కడ సాయంత్రం తీసేస్తాము." దాన్ని అద్దానికి అంటించాక మెకానిక్‌కు ఫోను చేసింది.

ఈసారి అతను నా మాట ప్రకారం చేశాడు. ముందు రెండు చోట్లా పాతవి తీశాడు. మేము బుధవారంలాగే మూడు ప్రింటర్లూ నడిపించి జాబితా నొక్కాం. రెప్పపాటులో తెరుచుకుంది. ఆవిడ నమ్మలేక ఇంకో రెండుసార్లు నొక్కింది. తర్వాత లిమిట్ పెట్టాడు, మళ్ళీ మూడుసార్లు. ఆ తర్వాత రోజూ సాయంత్రం జాబితా ఖాళీ అయ్యేలా పెట్టాడు. శుక్రవారం పొద్దున చూస్తే ఖాళీగా ఉంది. శుక్రవారం రోజంతా ఆవిడ నొక్కిన ప్రతిదీ రాశాను. అయిదో గడిలో పై నుంచి కింద దాకా "బాగుంది" అనే ఉంది. అయినా అది పడిపోదని నేను ఎవరికీ మాట ఇవ్వలేదు.

శనివారం మేనేజరు తొమ్మిదింటికే వచ్చాడు. అన్నట్టుగానే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మూడు ప్రింటర్లూ మొదలయ్యాయి. మొదటి పుస్తకం అయింది, రెండోది అయింది. మూడోది సగంలో ఉండగా మధ్య ప్రింటర్లో టోనర్ అయిపోయింది. కొత్తది ఎక్కించేదాకా ఆగితే మిగతావాటికీ ఆలస్యం. మిగిలిన పేజీలను పక్క ప్రింటరుకు మళ్ళించాలి. అందుకు సర్వర్ పేజీ తెరవాలి. సరిగ్గా అప్పుడే ఒక అబ్బాయి అద్దం ముందుకు వచ్చాడు.

"అక్కా, సోమవారం తీసిన ప్రాజెక్టు ఇంకో కాపీ."

"లేదు. అట్ట చదువు."

"గట్లెట్ల అక్కా? నీ కాడ ఉంటదనే గద వస్తం."

"ఇగ ఉండదు. ఫోన్ల చూడు."

వాడు గొణుక్కుంటూ రెండు అడుగులు వెనక్కి వేశాడు. వెళ్ళిపోయాడు కూడా. మేనేజరు అతను వెళ్ళిన వైపూ, అట్టనూ, ఆగిన ప్రింటర్నూ చూస్తున్నాడు. ఆవిడ చెయ్యి మౌస్ మీద ఉంది, కదలడం లేదు. నావైపు చూసింది.

"నొక్కమ్మా," అన్నాను.

"ప్రింటర్లు నొక్కుతున్న," అంది చిన్నగా. తర్వాత పైకి చెప్పడం మానేసి నొక్కుకుంటూ పోయింది. పేజీ తెల్లబడలేదు. పక్క ప్రింటరు ఒక్క క్షణం ఆగి, మధ్యదాని పేజీలు అందుకుంది. మిగిలిన రెండూ నడుస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆవిడ ఆ రోజు ఇంకో ఆరుసార్లు పేజీ తెరిచింది. ఒక్కసారీ నావైపు చూడలేదు.

మూడున్నరకు ఆఖరి పుస్తకం బైండింగయింది. మేనేజరు కట్టలు ఆటోలో వేయించాడు. ఒక పుస్తకం విప్పి మధ్య పేజీలు తిప్పి చూశాడు. మూసి పెట్టాడు.

"రెండో బ్యాచ్‌ది మంగళవారం పంపిస్తాను మేడమ్. గురువారానికి కావాలి."

"పంపుండ్రి సార్," అంది ఆవిడ, రోజూ వినే మాట విన్నట్టే.

ఆటో సందు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది. తిరిగాక పేపరు కట్టల మీద కూలబడి, పొద్దున తెచ్చుకున్న టిఫిను డబ్బా విప్పింది.

"జర కౌంటర్ మీరు చూడుండ్రి సార్. పొద్దుగాల నుంచి ఒక్క ముద్ద తినలే."

అద్దం అవతల ఇద్దరు నిలబడి ఉన్నారు. ఎన్ని కాపీలు కావాలని అడిగాను.